అయిదో బూరె

కామేశం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం" అనేవారు. ఆ చూద్దాం ఒక్కోసారి సాయంత్రానికే తేలేది, ఒక్కోసారి ఆరు నెలలు పట్టేది. ఆయన ముప్ఫై ఏళ్ళు వైద్య కళాశాలలో శరీరం పనిచేసే తీరు గురించి పాఠాలు చెప్పి, ఉద్యోగం అయ్యాక గౌతమి ఒడ్డున తన గురువుగారు కట్టించిన చిన్న ఆశ్రమానికి వచ్చేశారు. కాషాయం కట్టలేదు, స్వామి అనిపించుకోలేదు, అందరికీ మాస్టారుగానే మిగిలారు. కళ్ళెదురుగా ఏదో ఒకటి జరగనిదే చెప్పిన మాట చెవి దాటి లోపలికి వెళ్ళదని ఆయన నమ్మకం.

ఆయన శిష్యుల్లో గవర్రాజు ఒకడు. గోదావరి మీద లాంచీ నడిపి రిటైరైన మనిషి. వరదలో సుడిగుండాల పక్కనుంచి లాంచీని తప్పించిన చెయ్యి అతనిది, కానీ ఆ చేతిని విస్తరి ముందు ఆపడం మాత్రం అతనికి చేతకాలేదు. చక్కెర జబ్బు వచ్చి పదేళ్ళయింది. ఎడమ కాలికి రెండు వేళ్ళు అప్పటికే తీసేశారు. ఇప్పుడు మడమ మీద పుండు లేచింది. తిండి అదుపులో పెట్టకపోతే ఈసారి చీలమండ దాకా తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. గవర్రాజు హడలిపోయి దేవుడి ముందు మూడుసార్లు ఒట్టు పెట్టుకున్నాడు. మూడుసార్లూ తప్పాడు. మూడోసారి తప్పిన రోజున మాస్టారి దగ్గరకు వచ్చి చాప మీద కూలబడ్డాడు.

"మాస్టారూ, కడుపు చాలంటాదండి. బుద్ధి వద్దంటాదండి. మరి ఈ చెయ్యి ఎవరి మాట వింటన్నట్టండి?"

చివాట్లు పెడతారనుకున్నాడు. లేదా ఏదో మంత్రం ఉపదేశిస్తారనుకున్నాడు. మాస్టారు ఆ చేతిని కాసేపు వింతగా చూసి, "మంచి ప్రశ్న. చూద్దాం" అన్నారు. గవర్రాజుకి ఉసూరుమంది. చూద్దాం అంటే పుండు ఆగుతుందా అని లోపల గొణుక్కుంటూ కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

మూడు వారాలకి, ఆశ్రమం కట్టించిన పెద్ద గురువుగారి ఆరాధన వచ్చింది. ఆ రోజు వంట మాణిక్యాంబగారిది. ఆవిడ మడి సంగతి ఊరందరికీ తెలుసు. నైవేద్యం కానిదే వంటింట్లో ఏదీ నాలుక మీద వేసి చూడకూడదు. ఉప్పయినా తీపయినా అంతా చేతి అంచనాయే. బూరెలకి పూర్ణం రెండు వాయిలుగా చేస్తోంది. మొదటి వాయిలో బెల్లం కలిపింది. రెండోదానిలో కలపబోయే వేళకి, పాలు పోయడానికొచ్చినావిడ చీరచెంగు తగిలి మడి కాస్తా పోయింది. నెత్తి కొట్టుకుంటూ మళ్ళీ స్నానానికి వెళ్ళింది. ఈలోగా పానకం కలిపే ఆవిడ, పళ్ళెంలో మిగిలిన బెల్లం తన కోసమే కాబోలనుకుని పానకంలో వేసేసింది. మాణిక్యాంబగారు తడిబట్టతో తిరిగొచ్చేసరికి పళ్ళెం ఖాళీ. కలిపేసే వెళ్ళాననుకుంది. ఉండలు పొడిపొడిగా విడిపోతుంటే ఈసారి శనగపప్పు మంచిది దొరకలేదని సరిపెట్టుకుంది. దేవుడి ముందుకి మొదటి వాయి వెళ్ళింది. పంక్తిలోకి రెండో వాయి వచ్చింది.

గవర్రాజు ఆ రోజు గట్టిగానే అనుకుని కూర్చున్నాడు. బూరె ఒక్కటే, అదీ ప్రసాదమని. ఎప్పుడూ వరస చివర కూర్చునే మాస్టారు ఎందుకో ఆ రోజు సరిగ్గా అతనికి ఎదురుగా విస్తరి వేయించుకున్నారు. పొద్దుటే వంటింట్లో నూనెలో బూరె పడ్డ చప్పుడు విన్నప్పుడే గవర్రాజు ప్రాణం లేచొచ్చింది. బుట్ట గడప దాటగానే నోట్లో నీళ్ళూరాయి. విస్తట్లో పడ్డ మొదటి బూరెకి బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోయించుకున్నాడు. అది ఎప్పుడు అయిపోయిందో తెలీదు. వడ్డించేవాడు మళ్ళీ వచ్చాడు, ఇతను వద్దనలేదు. రెండు, మూడు, నాలుగు. అయిదోది చేతిలోకి తీసుకుంటుండగా వరస చివరనుంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది.

"ఏవమ్మా మాణిక్యాంబా, బూరెలో బెల్లం ఏదీ?"

పంక్తి అంతా ఒక్కసారి ఆగింది. నలుగురైదుగురు, "అవునండోయ్, మొదటి కొరుకుకే అనుకున్నాం, పైకి అంటే బాగుండదని ఊరుకున్నాం" అన్నారు. మాణిక్యాంబగారు గుమ్మంలోకి వచ్చి సంగతి విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే గోడకి చేరగిలబడిపోయింది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేదు, పాపం. గవర్రాజు మాత్రం చేతిలో ఉన్న బూరె వంక తెల్లబోయి చూస్తున్నాడు.

"నువ్వు నాలుగు తిన్నావు కదా గవర్రాజూ, ఎలా ఉన్నాయి?" అన్నారు మాస్టారు.

బాగున్నాయనబోయి ఆగిపోయాడు. నిజాయితీగా గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. నూనెలో చప్పుడు గుర్తుంది, నేతి వాసన గుర్తుంది, బుట్ట దగ్గరకు రావడం గుర్తుంది. రుచి ఒక్కటే గుర్తు లేదు. మొదటిది చప్పగా తగిలిన జాడ ఎక్కడో లీలగా ఉంది, అంతే.

"ఒక్కటైనా తియ్యగా ఉందా?"

"లేదండి."

"మరి నాలుగోది ఎందుకు తిన్నావు?"

గవర్రాజు చేతిలోని బూరె వంక చూశాడు. "అయిదోది వస్తందండి" అన్నాడు.

పంక్తి గొల్లుమంది. అంత సిగ్గులోనూ గవర్రాజుకే నవ్వొచ్చింది. మాస్టారు నవ్వలేదు. ఆయన మొహంలో, ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న వస్తువు దొరికినవాడి సంబరం కనిపించింది.

"మెదడులో కావాలనే చోటు వేరు, బాగుందనే చోటు వేరు. చెయ్యి వినేది మొదటిదాని మాట. ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఈ జవాబు మాత్రం ఒక్క కుర్రాడూ రాయలేదు" అన్నారు.

తర్వాత లోపల దేవుడి ముందున్న పళ్ళెంలోంచి ఒక్క బూరె తెప్పించి అతని విస్తట్లో వేయించారు. "ఇందులో బెల్లం ఉంది. తిను. తింటూ ఏం జరుగుతోందో చూడు, అంతే" అన్నారు.

గవర్రాజు కొరికాడు. బెల్లం, ఏలకులు, నెయ్యి ఒక్కసారిగా నాలుకకి తగిలాయి. తీపి ఇంత తియ్యగా ఉంటుందని మర్చిపోయి ఎన్నేళ్ళయిందో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెమ్మదిగా నమిలాడు. పంక్తిలో అందరూ తమ తిండి మానేసి అతన్నే చూస్తున్నారు. సగం నమిలాక ఉన్నట్టుండి ఉలిక్కిపడ్డాడు. తన చూపు విస్తరి మీద లేదు. స్తంభం దగ్గర నిలబడ్డ వడ్డించేవాడి చేతిలోని బుట్ట మీద ఉంది. ఆ బుట్టలోవి చప్పిడి బూరెలని అతనికి తెలుసు. ఇప్పుడు ఊరందరికీ తెలుసు. అయినా ఎవరో పిలిచినట్టు కళ్ళు అటే పోయాయి. డాక్టరు మాటకి కలిగిన భయం దీని ముందు ఏపాటి అనిపించింది. నోట్లో ముద్ద బుగ్గన పెట్టుకునే మాస్టారి వైపు తిరిగాడు.

"మాస్టారూ! నోట్లో తీపి ఉండగానే నా కళ్ళు ఆ చప్పిడి బుట్ట మీదకి పోయినాయండి."

"పోయాయని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. నేనే చూశానండి." ఆ మాట అన్నాక తన ఎడమ కాలి వంక చూసుకున్నాడు. "నా కాలు దక్కుద్దంటారాండి?"

"కాలు సంగతి డాక్టరు చూస్తాడు" అన్నారు మాస్టారు. "నువ్వు ముందు నోట్లో ఉన్నది తిను."