ఏటిపాలెం తూము తాళం

ఆ ఉదయం వీరకేశి మహారాజుకి ఒళ్లు మండిపోయింది. ఏటిపాలెం జనం తమ ఊరిపెద్దగా మళ్లీ పోలయ్యనే ఎన్నుకున్నారు. రాజుగారి ధాన్యపు కొట్టు దోచి, నేరం రుజువై, చెరసాలలో కూర్చున్న పోలయ్యని.

"వాళ్లకి బుద్ధి లేదు ప్రభూ. ఇకమీదట ఊరిపెద్దని మనమే నియమిద్దాం," అన్నాడు మంత్రి శూలపాణి మీసం సవరించుకుంటూ. ఆ పదవిలో తన బావమరిదిని కూర్చోబెట్టాలని ఆయనకి ఎప్పట్నుంచో ఉంది.

విదూషకుడు బుడ్డన ముందుకొచ్చాడు. అతను పుట్టింది ఏటిపాలెంలోనే. పెద్దని తామే ఎన్నుకోవడం ఒక్కటే ఆ ఊరికున్న గొప్ప.

"సాయంత్రం దాకా ఆగండి ప్రభూ. తెలిసి తెలిసి దొంగని ఎందుకు ఎన్నుకున్నారో మంత్రిగారి నోటే చెప్పిస్తాను."

"చెప్పించలేకపోతే ఆ హక్కు పోయినట్టే," అన్నాడు రాజు.

కోటలో గాని, ఊళ్లలో పొలాలకి నీళ్లు వదిలే తూముల దగ్గర గాని, తను స్వయంగా చేతికిచ్చిన ఆజ్ఞ లేనిదే ఏ తాళమూ తీయకూడదని శూలపాణి కట్టడి. ఆ మధ్యాహ్నం ఆయన కడుపునిండా మజ్జిగ తాగి తన గదిలో కునుకు తీశాడు. బుడ్డన బయట తాళం వేసి, తాళంచెవి నూతిలో పడేసి, రాజుగారిని వెంటబెట్టుకొచ్చాడు.

కాసేపటికి తలుపు దబదబా మోగింది.

"ఎవర్రా అక్కడ? తలుపు తీయండి."

"తాళంచెవి లేదండి. తాళాలు చేసే వీరాచారి వచ్చాడు, నిప్పులాంటి మనిషి. ఆజ్ఞ తమరే బయటికొచ్చి చేతికివ్వాలట."

"బయటికెలా వస్తానురా? త్వరగా కానీ, నాకు ఆగేలా లేదు."

"ఇంకొకడున్నాడు, పోలయ్య. ప్రభువుల అనుమతితో చెరసాల నుంచి తెప్పించాను. చిటికెలో తీస్తాడు. కానీ శిక్షపడ్డ దొంగ. తమరి ఉంగరం కొట్టేస్తాడేమో."

"దొంగైతే నాకేంటిరా? ఉంగరం పోతే పోనీ. ముందు తలుపు తీసేవాణ్ణి రానీ."

బుడ్డన రాజు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"పైరు ఎండిపోతుంటే మా ఊరివాళ్లూ ఇదే మాట అన్నారు ప్రభూ. మంత్రిగారి ఆజ్ఞ కోసం కళ్లు కాయలు కాచాక, మా ఊరి తూము తాళం తీసింది వీడే."

పోలయ్య ఇనుప తీగతో తాళం తీశాడు. మంత్రి రాజుకి దండం కూడా పెట్టకుండా పెరట్లోకి పరుగెత్తాడు. అంతలోనే ఆయన ఉంగరం పోలయ్య గుప్పిట్లో ఉంది.

రాజు పగలబడి నవ్వాడు. ఉంగరం లాక్కుని పోలయ్యని మళ్లీ చెరసాలకి పంపాడు.

"తూము తాళంచెవి ఇవాళే ఏటిపాలెం వాళ్లకి ఇచ్చేయండి. ఆ తర్వాత ఊరిపెద్దని మళ్లీ వాళ్లనే ఎన్నుకోమనండి."

తన మెడలోని ముత్యాలహారం తీసి బుడ్డన మెడలో వేశాడు.

"ఇది మీ ఊరిపెద్ద కంటబడనీకు," అన్నాడు నవ్వు ఆపుకోలేక.