ఆటోకి బొందెక్కించిన గున్నమ్మత్త

అనగనగా ఒక ఊళ్ళో ఒక ఆటో ఉండేదమ్మా. మిగతా కథల్లో రాజుగారుంటాడు, ఆయనకో గుర్రం ఉంటుంది. ఈ కథలో రాజుగారు లేడు. తవిటయ్య ఉన్నాడు, తవిటయ్యకి ఆటో ఉంది. పసుప్పచ్చటి ఆటో. ఎంత పాతదంటే, రంగు ఎక్కడయిపోయి తుప్పు ఎక్కడ మొదలయిందో తవిటయ్యకే తెలిసేది కాదు.

తవిటయ్య మంచివాడే. ముసలివాళ్ళని చెయ్యి పట్టి ఎక్కిస్తాడు, చంటిపిల్లలుంటే మెల్లగా నడుపుతాడు. గుణం ఒక్కటే బాగులేదు. ఏ పని చెప్పు, "రేపు చూద్దాంలే" అంటాడు.

ఆ ఆటోకి ఎడంచేతి పక్క పిడి తిప్పితే గేర్లు మారతాయి. ముందు పిడి తిప్పితే ఎక్కడో వెనకాల ఉన్న గేరుపెట్టెకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? నాకూ అదే ఆశ్చర్యం! మధ్యలో రెండు ఇనప తీగలుంటాయట. ఒకటి లాగితే గేరు పెరుగుతుంది, రెండోది లాగితే తగ్గుతుంది. రెండూ అక్కచెల్లెళ్ళలా ఒకే దారిన పోతాయి. ఆ దారి తిన్నగా ఉండదు తల్లీ. ఇంత వయసొచ్చాక నువ్వు నాకు పలక మీద దిద్దించావే బండి ఱ, నా చేతిలో ఎప్పుడూ వంకర పోతుందే, అలా మెలికలు తిరుగుతూ ఆటో కడుపులోంచి వెనక్కి పోతుంది.

ఆ తీగల్లో గేరు తగ్గించేది అరిగిపోయింది. విప్పిన జడలా పోగులు పోగులుగా విడిపోయింది. గేరు మార్చినప్పుడల్లా ఆటో గుర్రుమని ఒక గెంతు గెంతేది. తవిటయ్య పట్నం వెళ్ళి కొత్త తీగల జత కొన్నాడు. కొని సీటు కింద పెట్టాడు. పెట్టి, "రేపు చూద్దాంలే" అన్నాడు.

అదే ఊళ్ళో గున్నమ్మ అని ఒకావిడ కుండలు చేసేది. తవిటయ్యకి అత్త వరస. ఇద్దరూ ఎదురుపడితే చాలు, ఎకసెక్కాలే.

కొండకి అవతలి ఊళ్ళో కుసుమ అని ఒక పిల్ల ఉండేది. చిన్నప్పుడు ఒకసారి వాళ్ళమ్మతో చల్లకుండ కోసమని గున్నమ్మ ఇంటికొచ్చింది. వచ్చి, మట్టిముద్ద తీసుకుని ఒక వంకర ముంత చేసింది. చేసి, "పెద్దమ్మా, నా పెళ్ళికి కుండలు నువ్వే చెయ్యాలి" అంది. గున్నమ్మ మట్టి చేత్తోనే దాని బుగ్గ గిల్లి, "నేనే చేస్తానులేవే గుంటా" అంది.

పెళ్ళికి కుండలెందుకంటావా? అరివేణి కుండలని ఉంటాయి. వాటికి సున్నంతోను, ఎర్రటి జాజుమట్టితోను ముగ్గులు వేస్తారు. పెళ్ళింట్లో వాటికి పూజ చేశాకే పెళ్ళికూతుర్ని పీటల మీద కూర్చోబెడతారు.

ఆ తర్వాత ఆ గుంట పెద్దదయింది, దానికి పెళ్ళి కుదిరింది. గున్నమ్మ కుండలు చేసి, కాల్చి, ముగ్గులు వేసింది. ఇంతలో, పెళ్ళిరోజు పొద్దున్నే కబురొచ్చింది. కుసుమ మేనమామ అన్నాట్ట, "కొండ దాటి మట్టికుండలు తేవడం ఏమిటి? దీపాలు పెట్టే వేళకి రాకపోతే స్టీలు బిందెలకి రంగేసి పెట్టేస్తాను" అని.

గున్నమ్మ గబగబా తవిటయ్య ఇంటికి పరిగెత్తింది. తనే చేస్తానని ఆ పిల్లకి మాటిచ్చింది కదా!

అప్పుడు తవిటయ్య ఆటోలో గడ్డి పరిచారు. గడ్డిలో కుండలు సర్దారు. కుండల మధ్యలో గున్నమ్మ ఇరుక్కుని కూర్చుంది. ఒళ్ళో ఒక కుండ, చెయ్యి ఇంకో కుండ మీద. మధ్యాహ్నం అన్నాలు తిని బయల్దేరారు.

ఊరు దాటగానే తవిటయ్య గేరు మార్చాడు. ఆటో గెంతింది. మూకుడొకటి టక్కుమని పగిలింది.

"ఏటల్లుడా, ఇది ఆటోనా, మేకపోతా?" అంది గున్నమ్మ.

"మేకపోతే అత్తా! నిన్ను చూసి ఉషారుగా గెంతుతోంది."

వాగు దాటాక మళ్ళీ గేరు మార్చాడు. మళ్ళీ గెంతింది. చిన్న కుండ ఒకటి పెదవి చిట్లింది. ఈసారి గున్నమ్మ నవ్వలేదు. చిట్లిన ముక్క కొంగున కట్టుకుంది.

ఆ తర్వాత కొండదారి ఎత్తు వచ్చింది. ఎత్తెక్కాలంటే గేరు తగ్గించాలి. తవిటయ్య పిడి తిప్పాడు. టప్పున చప్పుడయింది. పిడి వదులుగా, ఊగే పన్నులా అయిపోయింది. తీగ తెగిపోయింది! ఆటో ఆయాసపడి, ఆగి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

గున్నమ్మ ఒళ్ళో కుండతోనే కిందికి దూకింది. దూకి, రాయి ఒకటి కాలితో తోసి చక్రం వెనకాల పెట్టింది. ఆటో ఆగింది.

"కొత్త తీగ కొన్నానన్నావు కదరా, ఏదీ?"

"సీటు కిందుంది."

"సీటు కింద ఉంటే బండి నడుస్తుందా ఏటి? అదేమైనా కోడిపెట్టా, పొదగడానికి?"

తవిటయ్య సీటు ఎత్తి తీగల జత బయటికి తీశాడు. అప్పుడు ఇద్దరూ కుండలన్నీ దింపి జీడిమామిడి చెట్టు నీడలో పెట్టారు. తవిటయ్య ఆటో కింద దూరి, పానాతో నట్టు విప్పి, తెగిన తీగని సర్రున లాగి పక్కన పడేశాడు. అదే వాడు చేసిన పొరపాటు. పాత తీగ పోయింది, దాంతో పాటు దారి కూడా పోయింది.

కొత్త తీగని పిడి దగ్గర్నించి లోపలికి తోశాడు. అది వెళ్ళి వెళ్ళి ఆటో ముందు దీపం పక్కన తల బయటపెట్టింది.

కింద నుంచి పైకి తోశాడు. అది మధ్యలో ఎక్కడో ముడుచుకుని, ఇంక రానని కూర్చుంది.

మూడోసారి ఎటు తోయాలో వాడికి తోచలేదు. చెమటలు తుడుచుకుంటూ, "అత్తా, ఈ పూటకి ఇంటికెళ్ళిపోదాం. రేపు..." అన్నాడు.

"రేపు అన్నావంటే ఈ కుండ నీ నెత్తి మీదే పగలగొడతాను. ఆ పిల్ల పెళ్ళి రేపు కాదు."

అని గున్నమ్మ చీర దోపుకుని, ఆటో పక్కన గొంతుక్కూర్చుని లోపలికి చూసింది. లోపల రెండో తీగ ఇంకా ఉంది.

"ఇదీ అదీ ఒకే దారినే పోతాయా?"

"ఒకే దారి."

"అయితే ఇది లంగాలో బొందురా అల్లుడా!"

బొందు అంటే తెలుసుగా? నీ లంగా నడుం దగ్గర కడతానే, అదే. పాత బొందు తీసి కొత్తది ఎక్కించాలంటే ఏం చేస్తాం? పాతదాన్ని ఊరికే లాగెయ్యం. దాని కొసకి కొత్త బొందు కొస ముడేస్తాం. అటునుంచి పాతది లాగుతుంటే, దాని వెనకే కొత్తది లోపలికి నడిచొస్తుంది. అది గున్నమ్మ చేతికి తెలుసు. ఆటోకీ అదే పనికొస్తుందని ఆవిడకి ఆ క్షణం దాకా తెలీదు.

అప్పుడు గడ్డిమోపుకి కట్టిన పురికొస విప్పింది. తవిటయ్య చేత ఆ రెండో పాత తీగ కొసలు రెండూ విప్పించి, పిడి దగ్గర దాని తలకి కొత్త తీగలు రెండూ కలిపి గట్టిగా ముడేసింది. తల దువ్వుకుందుకు తెచ్చుకున్న ఆముదం సీసా తీసి, కొత్త తీగలకి ఒళ్ళంతా రాసింది.

"ఇప్పుడు కింద నుంచి లాగు."

తవిటయ్య లాగాడు. జానెడు వచ్చి ఆగిపోయింది. ఇంకా బలంగా లాగబోయాడు.

"లాగొద్దురా, పిలు. మెల్లిగా పిలు. నేను ఇటునుంచి పంపిస్తాను."

వాడు పిలిచాడు, ఆవిడ పంపించింది. పాత తీగ మెలిక మెలికనా ఒంగుతూ, కొత్తవాటిని వెంటబెట్టుకుని నడిచింది. నాకైతే, అక్షరం అక్షరం మీద నా వేలు పట్టి నువ్వు నడిపించావే, అలా కనబడుతుంది! కాసేపటికి ఆటో కింద నుంచి కేక వినపడింది. "వచ్చేశాయత్తా! రెండూ వచ్చేశాయి! ఆముదం వాసనేస్తున్నాయి!"

తవిటయ్య నట్లు బిగించాడు. కుండలన్నీ మళ్ళీ గడ్డిలోకి ఎక్కించారు. అప్పటికే పొద్దు కొండ మీదికి వాలింది.

తీరా చూస్తే ఇంకో తమాషా! రెండు తీగలూ కొత్తవే, రెండూ ఒకేలా ఉన్నాయి కదా. తవిటయ్య దీన్ని దాని చోట, దాన్ని దీని చోట బిగించేశాడు. గేరు పెంచబోతే తగ్గుతోంది, తగ్గించబోతే పెరుగుతోంది.

"మళ్ళీ విప్పాలత్తా" అన్నాడు ఏడుపు మొహంతో.

"విప్పడానికి పొద్దేదీ? నీకు ఎటు తిప్పాలనిపిస్తే దానికి ఎదురు తిప్పు. నీ మామతో నేను చేసేది అదే. మా సంసారం నడవలేదా ఏటి?"

తవిటయ్య పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఎదురు తిప్పాడు. ఆటో గెంతలేదు. ఎత్తు ఎక్కింది, కొండ దాటింది, మెత్తగా దిగింది. ఒక్క కుండ కూడా కిక్కురుమనలేదు.

పెళ్ళింటికి చేరేసరికి దీపాలకి నూనె పోస్తున్నారు. మేనమామ కుంచె పట్టుకుని స్టీలు బిందెకి ఎర్రరంగు వేస్తున్నాడు. కుసుమ పట్టుచీర కట్టుకుని, పీటల మీద కూర్చోకుండా గుమ్మంలో నిలబడి దారి చూస్తోంది. ఆటో కనబడగానే పరిగెత్తుకొచ్చింది.

"ఇంత ఆలస్యమేంటి పెద్దమ్మా! నా ప్రాణం పోయిందనుకో."

"ఏం చెయ్యనే తల్లీ, దారిలో తవిటయ్య ఆటోకి బొందు తెగింది. కొత్త బొందు ఎక్కించుకొచ్చాం."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆడవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. తవిటయ్య సిగ్గుపడి ఆటో వెనక్కెళ్ళి దాక్కున్నాడు.

ఆ తర్వాత కుండలు దింపారు. పెదవి చిట్లిన చిన్న కుండని గున్నమ్మ కొంగు చాటున దాచబోయింది. కుసుమ చూసేసింది. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "నేను చేసిన ముంత కంటే ఇది చాలా నయం పెద్దమ్మా" అని, అన్నిటికంటే ముందు దాన్నే పూజలో పెట్టించింది. అప్పుడు పీటల మీద కూర్చుంది. గున్నమ్మ మాట నిలబడింది.

రంగేసిన బిందె ఏమయిందంటావా? వంటవాళ్ళు చూసుకోక దాంతో నీళ్ళు మోశారు. పెళ్ళయ్యేదాకా వాళ్ళ చేతులు గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగానే ఉన్నాయి.

పాత తీగల్ని గున్నమ్మ పారెయ్యలేదు. పెరట్లో బీరపాదుకి పందిరి కట్టింది. బీరతీగ ఆ ఇనపతీగ పట్టుకుని పైకి పాకింది, పసుప్పచ్చటి పువ్వులు పూసింది.

మరి ఎదురు గేరు సరిచేశాడా అంటే... ఎవరడిగినా తవిటయ్య ఒకటే మాట అనేవాడు. ఏమనేవాడో నువ్వే చెప్పు?

ఆఁ! "రేపు చూద్దాంలే!"

కొత్త తీగ బండికి,
పాత తీగ పాదుకి,
కుండలేమో పెళ్ళింటికి,
కునుకేమో నీ కంటికి,
కథ వెళ్ళె కంచికి,
మనం మన మంచానికి!