మరిడి మేస్త్రీ తలపాగాలో రబ్బరు గొట్టం

అనగా అనగా, మీ తాతల తాతలకి ఇంకా మొలతాడు కట్టని రోజుల్లో, పొగలదిబ్బ అనే రాజ్యం ఉండేది. దాని రాజు మీసాలరాయుడు. ఆ మీసాలు ఎంత పొడుగంటే, కుడి మీసం మీద రాణిగారు చీర ఆరేస్తే ఎడం మీసం మీద చిలకలు వాలేవి. నవ్వుతారేటి? నేను చూసేను కాబట్టి చెప్తున్నాను. నోరు మూసుకుని వినండి.

రాజ్యం మొత్తానికి ఒకటే జీపు. ఏనుగులు కూడా దాన్ని చూసి పక్కకి తప్పుకునేవి. ఆ జీపుని చూసుకునేవాడు మరిడయ్య. అందరూ మరిడి మేస్త్రీ అనేవారు. చేతులా, బంగారం! కళ్ళకి గంతలు కట్టినా సరే, ఎసరు పెట్టినప్పుడు ఇంజను విప్పడం మొదలెట్టి, అన్నం వార్చేలోపల బిగించేసేవాడు.

కోట గుమ్మం బయట నూకాలు అనే ఆవిడ సైకిళ్ళకి పంచర్లు వేసేది. తన దగ్గర మూరెడు రబ్బరు గొట్టం ఉండేది. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ట్యూబు మీద అలా అలా తిప్పి, "ఇదిగో, ఇక్కడ పోతోంది గాలి" అనేది. నీళ్ళ తొట్టిలో ముంచే పనే లేదు. చీమ నిట్టూర్చినా వినేసేదంటే నమ్మండి.

ఒకరోజు రాజు అటు వెళ్తూ అది చూసేడు. "ఆహా! చెవులంటే నూకాలువే చెవులు" అన్నాడు.

అంతే. ఆ నాలుగు మాటలూ మరిడయ్య గుండెల్లో ముల్లులా దిగిపోయేయి. "ఇరవై ఏళ్ళుగా ఈ చేతుల్ని ఒక్కసారి పొగడని నోరు, పంచర్లమ్మ చెవుల్ని పొగుడుతుందా?" అని అన్నం మానేసేడు. కడుపులో కుంపటి రాజుకుంది. ఆ కుంపటి మీద వాళ్ళావిడ మూడు పూటలు పులుసు కాచుకుందంటే, ఎంత మంటో మీరే చూసుకోండి.

అలా ఉండగా జీపుకి రోగం వచ్చింది. పరిగెడితే వెన్నపూసలా పోయేది. ఆపితే చాలు, గడగడా వణికేది. రాజు ఆగి జనం దండాలు అందుకుంటుంటే కిరీటం ముక్కు మీదకి జారేది, పళ్ళు టకటకా కొట్టుకునేవి. ఒక ముసలమ్మ "అయ్యో, రాజుకి చలిజ్వరం" అని గొంగళి కప్పబోయింది.

రాజు మరిడయ్యని పిలిచేడు. "మరిడీ! మూడో రోజు పొద్దున్న పక్క రాజ్యం రాజు వస్తున్నాడు. గుమ్మం దగ్గర జీపు ఆపి, అందులో నిలబడి నేను స్వాగతం చెప్పాలి. అతని ముందు నేను వణికితే భయపడ్డాననుకుంటాడు. మర్నాడే సైన్యంతో దిగుతాడు. జీపు కుదురుగా నిలబడిందా సరే. లేకపోతే నట్లు తిప్పే పానాలు అప్పజెప్పి ఇంటికి నడు."

మొదటిరోజు మరిడయ్య ప్లగ్గులు మార్చేడు. జీపు వణికింది.

గుమ్మం దగ్గర నుంచి నూకాలు కేకేసింది. "బాబాయ్, లోపల ఎక్కడో బుస్సుమంటోంది! రబ్బరు గొట్టాలు చూడు!"

అప్పటికి మరిడయ్య చెయ్యి సరిగ్గా గొట్టం మీదే ఉంది. ఆవిడ చెప్పిందని టక్కున తీసేసేడు. "పంచర్లు వేసుకోవే! ఇది ఇంజను, నీ సైకిలు ట్యూబు కాదు" అన్నాడు.

రెండోరోజు కార్బురేటర్ విప్పి, కడిగి, ఊది, తుడిచి పెట్టేడు. ఇంకా గట్టిగా వణికింది.

"బాబాయ్, పోనీ నా గొట్టం ఇస్తాను. చెవిలో పెట్టుకుని విను" అంది నూకాలు.

మరిడయ్య ఆ గొట్టం వంక చూసేడు. "ఆ గొట్టంలోనే ఉంది మహిమ. అది లేకపోతే ఆ చెవులు నా చెవుల్లాంటివే" అనుకున్నాడు. నూకాలు మజ్జిగ తాగడానికి వెళ్ళినప్పుడు గొట్టం ఎత్తేసి, తలపాగాలో చుట్టేసుకున్నాడు. దొంగతనమా అని నన్ను అడుగుతారేటి? ఆయన్ని అడగండి.

మూడోరోజు పొద్దున్న స్క్రూ తిప్పి ఇంజను జోరు పెంచేడు. జీపు పులిలా అరిచింది. పులిలా అరుస్తూ మేకలా వణికింది. దూరంగా పక్క రాజు డప్పులు వినబడ్డాయి.

"నూకాలుని పిలవండి!" అన్నాడు రాజు.

మరిడయ్య లోపల్లోపల నవ్వుకున్నాడు. గొట్టం లేదు కదా!

నూకాలు వచ్చి దండం పెట్టింది. "నా గొట్టం పోయింది మారాజా. పోతే పోయింది. చెంబుడు నీళ్ళు ఇప్పించండి."

జీపు వణుకుతూ ఉంది. నూకాలు వంగి ఒక గొట్టం మీద నీళ్ళు పోసింది. ఏమీ లేదు. రెండోదాని మీద పోసింది. ఏమీ లేదు. ఇంజను వెనకాల నక్కిన చిన్న గొట్టం మీద పోసింది. నీళ్ళు సుర్రుమని లోపలికి పోయేయి. పాలు దొరికిన పసిపాపలా జీపు ఒక్క క్షణం ఊరుకుంది. మళ్ళీ మొదలెట్టింది.

ఇంజను ఆపించి, ఆ గొట్టం లాగి వంచి చూపించింది. కాళ్ళ మడమలా నిండా పగుళ్ళు.

"రబ్బరు ముసలిదైపోయింది మారాజా. ఈ పగుళ్ళలోంచి దొంగగాలి లోపలికి దూరుతోంది. నీళ్ళు అడ్డం పడినంతసేపే ఊరుకుంది. పరిగెత్తేటప్పుడు ఇంజను బోలెడు గాలి తాగుతుంది, ఈ కాస్తా దానికి తెలీదు. నిలబడినప్పుడు గుక్కెడే తాగుతుంది. అప్పుడు ఈ దొంగగాలి గొంతుకి అడ్డం పడుతుంది. కొత్త గొట్టం జానెడు కావాలి."

భటులు కోటలోని సామాన్ల కొట్టు అంతా వెతికేరు. తాళ్ళున్నాయి, తోలుంది, వెదురుంది. గొట్టం లేదు. డప్పులు దగ్గరికొచ్చేయి.

"నా గొట్టం ఉంటేనా, సరిగ్గా సరిపోయేది" అంది నూకాలు.

రాజు మీసాలు నేల మీదకి జారిపోయేయి.

మరిడయ్య తలపాగా ఇంకాస్త బిగించుకున్నాడు. "నా కొలువు పోతే పోనీ, ఈ నూకాలు పేరు కూడా పోతుంది కదా" అనుకున్నాడు. ఒక్క క్షణం ఎంత హాయిగా ఉందో! అంతలో తన చేతుల వంక చూసుకున్నాడు. జీపు మీద ఆనించిన చేతులు గడగడా వణుకుతున్నాయి. జీపు ఆపేసి ఉంది. మరి ఈ చేతులెందుకు వణుకుతున్నాయి? ఇరవై ఏళ్ళలో ఏ పనిలోనూ వణకని చేతులు, ఊరికే నిలబడితే వణుకుతున్నాయి.

మరిడయ్య తలపాగా విప్పేసేడు. గొట్టం జారి మెడలో దండలా పడింది.

"నేనే తీసేను మారాజా. నూకాలు చెవుల్ని మీరు పొగిడితే ఓర్చుకోలేకపోయేను."

"ఓరి ద్రోహీ!" అని రాజు కత్తి మీద చెయ్యి వేసేడు.

నూకాలు అడ్డం వచ్చింది. "తిట్లు తరవాత తిడుదురు గాని మారాజా, ముందు బిగించనివ్వండి. ఆ ఇరుకులో బిగించడం నా వల్ల కాదు. బాబాయ్ చేతులే కావాలి."

మరిడయ్య జానెడు ముక్క కోసేడు. చెయ్యి సందులోకి దూర్చేడు. వణుకు ఏమైపోయిందో! మూడు ఊపిర్లు తీసేలోపల క్లిప్పు బిగించేసేడు.

తాళం తిప్పేరు. ఇంజను తిరుగుతోందో లేదో తెలీనంత నిలకడ! బానెట్ మీద నిండా మజ్జిగ గ్లాసు పెడితే చుక్క తొణకలేదు. ఆ మజ్జిగ తాగింది నేనే, ఉప్పు తక్కువైంది.

పక్క రాజు వచ్చేడు. కొండలా నిలబడ్డ మీసాలరాయుణ్ణి చూసి, తనే ముందు దండం పెట్టి, స్నేహం చేసుకుని వెళ్ళిపోయేడు.

రాజు అన్నాడు, "నూకాలూ, ఈ రోజు నుంచి జీపు మేస్త్రీవి నువ్వే. మరిడీ, పానాలు కింద పెట్టు."

మరిడయ్య పెట్టేసేడు. నూకాలు వాటిని తీసి మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది. "చెవులు నావి, చేతులు బాబాయ్‌వి. రెండూ ఉంటేనే జీపు మారాజా. కానీ బాబాయ్, నా గొట్టం సగం కోసేసేవు. ఇంక మీదట నడుం విరిగేలా వంగి వినాలి నేను!"

"నువ్వెందుకు వంగుతావు మేస్త్రమ్మా? నేను వంగుతాను. ఎలా వినాలో చెప్పు" అన్నాడు మరిడయ్య.

మేస్త్రమ్మా అని పిలిచిన మొదటి మనిషి ఆయనే. ఆ రాత్రి వాళ్ళావిడ పులుసు కాయడానికి పొయ్యి వెలిగించుకోవాల్సి వచ్చింది.

చేతినిండా పని ఉన్నప్పుడు అసూయ కనపడదు పిల్లలూ, ఊరికే నిలబడినప్పుడే అది మనిషిని వణికిస్తుంది. తనలో పగులు ఎక్కడుందో ఒప్పుకున్నవాడే కుదురుగా నిలబడతాడు.