విత్తనానికి కోసిన కాయలు

ఓబులేసు అయ్యవారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. మదనపల్లె దగ్గర ఆయన తోటలో సేద్యం నేర్చుకునే మాకందరికీ అది తెలుసు. అయినా ఆ రోజు మాతోపాటు నేర్చుకునే యశోద అడిగింది. అడగకుండా ఉండగలిగే స్థితిలో ఆమె లేదు.

ఆకుముడత తెగులును తట్టుకునే టమాటా రకాన్ని అయ్యవారు ఎనిమిదేళ్లుగా ఏరి ఏరి తయారు చేస్తున్నారు. యశోద మాట నమ్మి, ఆమె ఊరి లచ్చుమక్క తనకున్న ఒక్క ఎకరంలో దాన్నే నాటింది. మందు చుక్క పడకుండానే కాపు నిలిచింది. కాయ గట్టిది, రుచికి వంక లేదు. గుమ్మడికాయకు ఉన్నట్టు నిలువు గాడులు, తొడిమ చుట్టూ కాస్త పచ్చదనం, అంతే. బెంగళూరులో 'విషం లేని తిండి' అని బోర్డు పెట్టుకున్న అంగడికి ముప్పై క్రేట్లు పంపితే, అంగడాయన పైవరస చూసి, ఇవి చూపుకు బాగాలేవు, ఎవరూ ముట్టుకోరని అదే బండిలో తిప్పి పంపాడు. కాయ నున్నగా ఉండాలట, మందు మాత్రం తగలకూడదట. నాకైతే ఆ బోర్డు పీకి ఆయన చేతిలో పెట్టాలనిపించింది. లచ్చుమక్క అటక మీది మందు పంపు దించి కడగడం మొదలుపెట్టింది. వచ్చే పంటకు కంపెనీ నారే తెచ్చుకుంటుందట.

"మందు లేని పంట కావాలని అడిగేదీ వాళ్లే, తెస్తే మొహం చూసి తిప్పి పంపేదీ వాళ్లే. ఈ మనుషులకు ఏం చెప్పాల అయ్యవారూ?" అంది యశోద.

అయ్యవారు ఆమె చేతికి గంప ఇచ్చి, విత్తనానికి పది కాయలు కోసుకురమ్మన్నారు. ఆమె అంగడాయన్ను తిట్టుకుంటూనే వెళ్లింది, తిట్టుకుంటూనే వచ్చింది. పది కాయలూ ఎర్రగా, గుండ్రంగా, నున్నగా ఉన్నాయి.

ఆ రకం ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. ఒకే సాలులో పక్కపక్కనున్న మొక్కకూ మొక్కకూ తేడా ఉంటుంది. అందుకే విత్తనం తీసేటప్పుడు ముందు మొక్క ఆకు చూడాలి, తర్వాతే కాయ. మొదటి రోజే మాకు నేర్పిన పని అది. ఇవి ఏ మొక్కలవని అయ్యవారు అడిగితే, మొక్కలు చూసుకోలేదంది యశోద. ఆయనే సాళ్లలోకి నడిచి, కాయ తెంపిన పచ్చి గుర్తు చూసుకుంటూ ఒక్కో మొక్క దగ్గరా ఆగారు. ఏడు మొక్కలకు చిగురాకులు అప్పుడే దొప్పల్లా ముడుచుకుంటున్నాయి. చివరి సాలులో ఒక మొక్క మాత్రం ఏ తెగులూ లేకుండా నిటారుగా ఉంది. దాని నిండా గాడులు పడ్డ కాయలే. దాన్ని యశోద ముట్టుకోనే లేదు.

నిజం చెప్పాలంటే, నన్ను పంపినా ఆ నున్నటి కాయలే కోసుకొచ్చేవాణ్ణి.

అయ్యవారికి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. గంప తీసుకెళ్లి గేదె ముందు బోర్లించారు.

"ఆ అంగడి ఆయప్ప ఒక్క బండి తిప్పి పంపినాడు. నువ్వు ఎనిమిదేండ్లు తిప్పి పంపబోయినావు."

యశోద తల వంచుకుంది. ఇక అంగడాయన మీద కోపపడే మొహం తనకు లేదని మెల్లగా అంది. అయ్యవారు చివరి సాలులోని ఆ మొక్క దగ్గరికి వెళ్లి ఒక కాయ కోసుకొచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"కోపం ఎందుకు పోవాల? లచ్చుమక్క ఆ పంపు కడగడం అయిపోకముందే పో. ఆమెను ఎంటబెట్టుకొని అంగడికి పో. నువ్వు ముట్టుకోని ఈ కాయ చేతిలో పట్టుకొనే కోపపడు."