చూశాను లైను

రాజుగారిని ప్రశ్న అడిగి సూటిగా జవాబు పొందినవాళ్ళు మా గుంపులో ఎవరూ లేరు. అడిగితే ఆయన ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని చేసుకుంటూ పోతే చివర్లో జవాబు దొరికేది. లేకపోతే అసలు అడక్కుండా ఉంటే బాగుండేదనిపించేది. మా గుంపులోని కామేశ్వరి విషయంలో రెండూ జరిగాయి.

పెన్మెత్స తాతిరాజుగారు కాకినాడలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. కంప్యూటరుకి ప్రాణంలాంటి ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. బయటినుంచి తగిలించే పరికరానికీ కెర్నెల్‌కీ మధ్య మాట మోసేది డ్రైవర్. ఎక్కడెక్కడివాళ్ళో డ్రైవర్లు రాసి పంపుతుంటారు. వాటిలో ఆసుపత్రి పరికరాలవి వచ్చి చేరే మూలకి రాజుగారు కాపలా. జీతం లేని కాపలా. ఆయన ఒప్పుకుంటేనే ఏ కోడ్ అయినా లోపలికి వెళ్తుంది, ఆయన ఒప్పుకునే ముందు శిష్యులెవరైనా చదవాలి. చదివినవాళ్ళు కోడ్ అడుగున ఇంగ్లీషులో ఒక లైను రాసి తమ పేరు పెడతారు. దీన్ని పరిశీలించాను, పూచీ నాది అని దాని అర్థం. మేము దాన్ని చూశాను లైను అనేవాళ్ళం. అవి ఎన్నుంటే అంత గౌరవం. ఇంటర్వ్యూల్లో చూపించుకునేవాళ్ళు కూడా ఉన్నారు. పేరు పెట్టే చోటు దొరికితే మనవాళ్ళు వదులుతారా? శుభలేఖ అడుగున బంధుమిత్రుల అభినందనలతో అని పేర్లు దట్టించే జాతి మనది.

ఆ వేసవిలో ఒక చిన్న ఆసుపత్రిలో మంగతాయారు అనే ఆవిడ చనిపోయింది. చుక్కచుక్కగా మందు ఎక్కించే పంపులు, వరసలో ఉన్న మంచాలన్నిటివీ కలిపి ఒకే కంప్యూటరు పెట్టెకి తగిలించి ఉన్నాయి. పక్క మంచం ఖాళీ అయిందని నర్సు ఆ మంచం తాలూకు పంపు తీగ లాగేసింది. దాంతో పెట్టె మొత్తం బిగుసుకుపోయింది. మంగతాయారు పంపు ఆగిపోయింది. ఆగితే మోగాల్సిన అలారం కూడా ఆ పెట్టెలోదే కాబట్టి అదీ మోగలేదు. పెట్టెలో నడుస్తున్నది మా మూలనుంచి వెళ్ళిన డ్రైవరు. దాని అడుగున కామేశ్వరి పేరుంది.

కామేశ్వరి ఆ మంగతాయారు వాళ్ళింటికి వెళ్ళింది. వద్దని ఇక్కడున్నవాళ్ళందరం చెప్పాం, వినలేదు. మంగతాయారు భర్త సత్తిబాబు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కోప్పడతాడనుకుంది, తిడితే బాగుండునని కూడా అనుకుందట. అతను కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి ఒకటే అడిగాడు.

"దాన్ని ఎవరూ సూళ్ళేదండి. మిసనుంది కదా అని నర్సమ్మ అవతలకెల్లిపోయిందంట. ఆ మిసన్ని సూసేవోళ్ళు మీరేనాండి?"

కామేశ్వరి మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేసింది. నేరుగా, మేమంతా ఉన్న రాజుగారింటికి వచ్చి, ఆ చూశాను లైన్లోంచి తన పేరు తీయించుకోవాలంటే ఏం చెయ్యాలని అడిగింది. తీయడం కుదరదని ఆమెకి తెలుసు. ఒకసారి లోపలికి వెళ్ళిన కోడ్‌లో తప్పు దిద్దొచ్చు గానీ, దాని చరిత్రలో పడిన పేరు పడినట్టే ఉండిపోతుంది. తెలిసి కూడా అడిగిందంటే ఆ మనిషి ఎంత నలిగిపోయి ఉండాలి. రాజుగారు ఓదార్చలేదు. కుదరదనీ చెప్పలేదు. ఆ కోడ్ కింద పేర్లున్న మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి, ఏం చూశారో అడగమన్నారు. చావు సంగతి ఎత్తొద్దన్నారు.

గుంటూరులో ఉండే ఇమ్మానుయేలు హుషారుగా మాట్లాడాడు. పరికరం తగిలించగానే నడిచే భాగాన్ని అక్షరం అక్షరం చదివాడట, రాసినవాడిచేత రెండుసార్లు దిద్దించాడట. పరికరం ఊడదీసినప్పుడు నడిచే భాగం ఫైలు అడుగునుంటుంది. దాని సంగతేమిటని కామేశ్వరి అడిగింది. అప్పటికే ఫణీంద్ర పేరు పడి ఉందనీ, అలాంటి చిక్కు వ్యవహారాల్లో ఫణి దిట్ట కాబట్టి తను వేలు పెట్టలేదనీ చెప్పాడు. ఫణీంద్ర బెంగుళూరులో ఆఫీసులో ఉన్నాడు. తను చూసింది వేగం ఒక్కటేనని, పంపుకి ఆజ్ఞ ఎంత త్వరగా అందుతోందో లెక్కకట్టానని చెప్పాడు. ఊడదీసే భాగం చదవలేదా అంటే నవ్వాడు.

"మీ పేరు అప్పటికే ఉంది కదండీ. మీరు చూశాక ఇంక మేం చూసేదేముంటుంది?"

పాపం, పొగడ్తగానే అన్నాడు. ఆమె ఫోను బల్లమీద బోర్లించింది.

నువ్వేం చూశావమ్మా అని అడిగారు రాజుగారు. ఆమె దాచలేదు. పై సగం శ్రద్ధగా చదివింది, కింది సగం మీద చూపు నడిపించింది. ఆ కోడ్ ఆమెకి పంపింది రాజుగారే. పంపుతూ ఒకసారి చూడమ్మా అని రాశారు. కూర దించబోతూ ఉప్పు ఒకసారి చూడు అంటామే, అలా వినబడింది ఆమెకి. వంట ఆయన ఎలాగూ చేసే ఉంటారు, తను రుచి చూస్తే చాలనుకుంది. ఇదంతా చెప్పి, మాలో ఎవరూ ఎన్నడూ ఆయన్ని అడగని మాట అడిగింది.

"మరి మీరు చూశారా మాస్టారూ?"

లేదన్నారు రాజుగారు. ముగ్గురి పేర్లున్నాయి, అందులో నీ పేరుంది, అది చాలనుకుని లోపలికి పంపేశానన్నారు. అలా పంపినవి ఇంకా ఉన్నాయని కూడా అన్నారు. గొంతులో సంజాయిషీ ఏమీ లేదు. ఆయన నమ్మింది ఆమెని, ఆమె నమ్మింది ఆయన్ని, మిగతా ఇద్దరూ నమ్మింది ఆ పేర్లని. అంతమంది పెద్దమనుషులం కలిసి ఒక ఆడమనిషిని ఖాళీ పెట్టెకి అప్పజెప్పాం. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరిమీద మండాలో మాత్రం తెలియలేదు.

తర్వాత ఇద్దరూ కూర్చుని ఆ ఊడదీసే భాగం చదివారు. ప్రతి పంపు క్షేమాన్నీ ఘడియఘడియకీ కనుక్కోవడానికి ఒక టైమరుంటుంది. తీగ ఊడగానే ముందు ఆ టైమర్ని ఆపాలి, ఆ తర్వాతే పంపు కోసం తీసుకున్న మెమరీని తిరిగిచ్చెయ్యాలి. ఇందులో ముందు ఇచ్చేసి, తర్వాత ఆపారు. ఆ సందులో టైమరు గనక లేచిందంటే తనది కాని చోట చెయ్యి పెడుతుంది, పెట్టె బిగుసుకుంటుంది. తారుమారైనవి రెండే లైన్లు. కామేశ్వరికి చదవగానే కనబడ్డాయి. ఎంత వెతికినా దొరకని తప్పయితే ఆమెకి కాస్త నిద్రపట్టేదేమో. అంత సులువుగా దొరికేసరికి తల పట్టుకుని ఏడ్చింది. రాజుగారు ఆపలేదు.

దిద్దడానికి ఎంతోసేపు పట్టలేదు. దిద్దింది ఎవరికి చేరుతుందన్నదే జవాబు లేని ప్రశ్న. ఆ పెట్టెలమ్మిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. అవి ఏయే ఊళ్ళలో ఉన్నాయో చెప్పేవాళ్ళు లేరు. తెలిసిన ఆసుపత్రులకి ఫోన్ చేస్తే, మా మిషన్లు బాగానే నడుస్తున్నాయి, అసలు మీరెవరండీ అని పెట్టేశారు. పైగా ఆ డ్రైవరుని చూసి రాసిన డ్రైవర్లు ఇంకొన్ని బయటపడ్డాయి. వాటిలోనూ ఆ రెండు లైన్లు అలాగే తారుమారై ఉన్నాయి, అడుగున వేరేవాళ్ళ చూశాను లైన్లు బారుగా ఉన్నాయి. ఈ పని ఎన్నటికీ తెమలదని ఆ మధ్యాహ్నం మాకు అర్థమైంది. కామేశ్వరి వాటిని కూడా దిద్దుతూ కూర్చుంది. పేరు తీయించుకునే మాట మళ్ళీ ఎత్తలేదు.

దొరికినవన్నీ దిద్దడం అయ్యాక తెరని రాజుగారి వైపు తిప్పింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి అక్షరంనుంచి చదివారు. అడుగుకి వచ్చాక మళ్ళీ పైకి వెళ్ళి ఇంకోసారి చదివారు. ఆయన అలా చదవడం మేమెవరం చూసి ఎరగం. పెద్దవయసు, కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, అయినా తల తిప్పలేదు. పక్కన పెట్టిన కాఫీ చల్లారిపోయింది.

ఏమైనా కనబడిందా అని కామేశ్వరి అడిగింది. ఏమీ కనబడలేదన్నారు. ఈసారి మీరు నిజంగానే చూశారు కదా మాస్టారూ, అడుగున మీ లైను రాయమంటారా అని అడిగింది. ఆ పేరు పక్కనుంటే తనకి కాస్త ధైర్యంగా ఉంటుందని ఆమె ముఖంలోనే తెలుస్తోంది.

"వద్దమ్మా," అన్నారు రాజుగారు. "నా పేరు కనబడితే తరవాతవాడు చదవడు."