ఉత్తరేణి ఎందుకు అంటుకుంటుంది?

ఒకప్పుడు ఉత్తరేణికి ఎవరినీ అంటుకోవడం తెలియదు. నున్నటి గింజలు, ఆకాశంకేసి చూసే తలలు. బట్టకు తగిలినా జారిపోయేవి. నవ్వండి, నవ్వండి! మీ లాగులనిండా, లంగాలనిండా ఇప్పుడు పట్టుకొచ్చారే, ఈ గింజల మాటే చెబుతున్నా. ఇటు తిరగండి, ఏరుతూ చెబుతాను. కాళ్ళు ఆడించారో, మీ అవ్వ సంగతి తెలుసుగా!

ఆ కాలంలో కొండకింద ఓబులమ్మ అనే ఆమె ఉండేది. మార్గశిరమాసం చలిలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టింది పాపం. పిల్ల ఇంతే, నా అరచెయ్యంత. ఏడ్చినా పిల్లికూన మూలిగినట్టే వినిపించేది.

పురిటిబిడ్డకు కొత్తబట్ట వెయ్యరు. వాడివాడి మెత్తబడిన పాతబట్టే వెయ్యాలి. ఓబులమ్మ దగ్గర చనిపోయిన వాళ్ళమ్మ చీర ఒక్కటే ఉంది. దాన్ని ముక్కుకు ఆనిస్తే ఇంకా అమ్మ వాసనే. గుండె రాయి చేసుకుని ఆ చీర కత్తిరించి, ముందువైపు తెరుచుకునే బుల్లి చొక్కా కుట్టింది.

తడిక సందులోంచి చలిగాలి తొంగిచూసింది. "ఓబులమ్మా, చొక్కా ముందంతా తెరిచే ఉందే! నేను లోపలికి రానా?"

ఓబులమ్మ రెండు చేతులతో చొక్కా మూసిపట్టుకుంది. ఎంతసేపని పట్టుకుంటుంది? పొయ్యి వెలిగించాలి, గంజి కాచాలి. చెయ్యి తీస్తే చాలు, చొక్కా తెరుచుకునేది. పిల్ల పెదాలు నీలంగా మారేవి.

"కుట్టేస్తే సరి కదా అవ్వా" అంటావా? తడిసినప్పుడు ఎలా విప్పుతుందిరా, తెలివైనోడా! నోరు మూసుకుని విను.

ముందు తుమ్మముల్లు వచ్చింది. "నేను గుచ్చానంటే ఇక కదలదు!" అంది. నిజమే, చొక్కా కదల్లేదు. కాని పిల్ల కాలు తన్నగానే ముల్లు ఒంటిమీద గీరి ఎర్రటి చార పడింది. ఓబులమ్మ ముల్లును విసిరికొట్టి, పిల్లకంటే ముందు తనే ఏడ్చింది.

తర్వాత చింతగింజ వచ్చింది. "నన్ను గుండీగా పెట్టుకో. ఎంత నిగనిగలాడుతున్నానో చూడు!" అంది. ఓబులమ్మ దాన్ని కుట్టి, రెండోవైపు కాజా కోసింది. పాతచీర కదా, ఆ బరువుకు కాజా పర్రున చిరిగింది. "అమ్మా, నీ చీర పాడుచేశానే!" అని ఆమె చిరుగును చేత్తో తడుముకుంది.

తిప్పతీగ వచ్చి ముడి పడింది. పిల్ల మెలితిరిగేకొద్దీ ముడి బిగిసి మెడదాకా జరిగింది. ఓబులమ్మ పళ్ళతో కొరికి తీగ తెంచేసింది.

ఇక ఏం చెయ్యాలో తోచక, పిల్లను గుండెకు హత్తుకుని దారిపక్కన కూలబడింది. "ఎవరైనా పట్టుకోండమ్మా. గట్టిగా వద్దు. విడవకుండా పట్టుకుంటే చాలు" అంది.

పక్కనే ఉన్న ఉత్తరేణి విని, "అక్కా, నేను పట్టుకోనా?" అంది.

తుమ్మముల్లు పకపకా నవ్వింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! నువ్వా పట్టుకునేది?"

ఉత్తరేణి దాని మాట పట్టించుకోలేదు. "నేలతల్లీ, నాకు చిన్న పట్టు ఇవ్వు. ఆ పాతబట్ట చిరగనంత చిన్నది" అని అడిగింది.

"ఇస్తాను. కాని ఇచ్చింది మళ్ళీ తీసుకోను. పట్టుకోవడం అలవాటైతే విడవడం కష్టం. ఆలోచించుకో" అంది నేలతల్లి.

"ఆలోచించేలోపు పిల్ల చల్లబడిపోతుందమ్మా! ఇచ్చెయ్!"

అంతే, గింజగింజకూ వెంట్రుకంత కొక్కెం మొలిచింది. ఉత్తరేణి తలలన్నీ కిందికి వంచి, పైనుంచే చొక్కా అంచులు రెండూ కలిపి పట్టుకుంది. బట్ట చిరగలేదు. పిల్లకు గుచ్చుకోలేదు. విప్పాలంటే మెల్లగా లాగితే చాలు. చలిగాలి చుట్టూ తిరిగి తిరిగి, దారి దొరక్క కొండెక్కిపోయింది.

ఉగాదికల్లా పిల్లకు బుగ్గలు వచ్చాయి. కొండమ్మ అని పేరు పెట్టారు. గట్టి గుడ్డతో, గుండీలతో కొత్త చొక్కా కుట్టారు. ఓబులమ్మ గింజలన్నీ ఒక్కొక్కటే తీసి, కళ్ళకద్దుకుని దారిపక్కన చల్లింది. "నా బిడ్డను కాపాడావు తల్లీ. ఇక్కడే ఉండు, అది రోజూ ఈ దారినే పోతుంది" అంది.

కొండమ్మ పెరిగి, లంగా కట్టుకుని ఆ దారిన పరుగెత్తింది. ఉత్తరేణి సంబరంగా అంచు పట్టుకుంది. "ఛీ, ఏం గింజలివి!" అని కొండమ్మ పీకి పారేసింది. పురిటిబిడ్డగా ఉన్నప్పుడు తనను ఎవరు పట్టుకున్నారో ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

ఉత్తరేణికి కోపం రాలేదు. పీకిన ఆ చెయ్యి వెచ్చగా ఉంది. దానికి అది చాలింది.

నా లంగాకు అంటుకున్నవాటిని మా అమ్మ కూడా గడపమీద కూర్చుని ఇలాగే ఏరేది. ఆ చేతులు ఇప్పుడు ఉంటే ఎంత బాగుండు! సరే, మీ గింజలన్నీ వచ్చేశాయి. పారెయ్యకండి, దారిపక్కన చల్లి రండి.

అప్పటినుంచే ఉత్తరేణి తలలు కిందికి వంచుకుని దారిపక్కన నిలబడుతుంది. ఎవరి బట్ట తగిలినా పట్టుకుంటుంది, లోపల ఏ పసిబిడ్డకైనా చలేస్తోందేమోనని.