గొంతుకు మందు

కుందనవోలులో న్యాయం చెప్పే దండపాణి రాయుడికి మగవాళ్ళ మాటే వినిపించేది. వాళ్ళు అరుగెక్కి, ఆయన పక్కనే నిలబడి చెప్పుకునేవారు మరి! ఆడవాళ్ళు మాత్రం వాకిట్లోనే నిలబడాలని ఆచారం.

గానుగ తిప్పి నూనె అమ్మే సూరమ్మకు మొగుడు పోయాడు. పదోరోజైనా గడవకముందే మరిది ఆ గానుగ లాక్కున్నాడు. సూరమ్మ వాకిట్లోంచి కాకులు లేచిపోయేలా మొరపెట్టుకుంది.

"ఏమిటే ఆ గొణుగుడు? ఆడదాని గొంతుకు సత్తువుండదు. మీ ఇంట్లో మగాడెవడో వాణ్ణి పంపు, చెబుతాడు," అన్నాడు రాయుడు.

ఇంట్లో మిగిలిన మగాడు ఆ మరిదే! రాయుడి చెవులు గులిమితో పూడుకుపోయాయని ఊరందరికీ తెలుసు. ఆ మాట అన్నవాడికి కొరడాదెబ్బలే. సూరమ్మ చరచరా అరుగెక్కి ఆయన చెవి దగ్గర అరిచింది.

"నిజమే దొరా, లోపం మా గొంతులదే! మందు నా దగ్గరుంది. కాకపోతే వినేవాళ్ళ చెవిలో వేస్తేనే అది చెప్పేవాళ్ళ గొంతుకు పనిచేస్తుంది."

ఆడవాళ్ళమీద జాలిపడి రాయుడు ఒప్పుకున్నాడు. మూడు రోజులు గోరువెచ్చని నువ్వులనూనె చుక్కలు వేయించుకుని, నాలుగోనాడు కడిగించుకుంటే రేగ్గింజంత గులిమి ఊడిపడింది.

సూరమ్మ మళ్ళీ వాకిట్లోనే నిలబడి, మెల్లగా చెప్పుకుంది. ప్రతి మాటా వినిపించింది. మరిదిని నిలదీసి, గానుగ ఆమెకే ఇప్పించి, రాయుడు మీసం దువ్వాడు.

"చూశావా, మా దయవల్ల మీ గొంతులెలా బాగుపడ్డాయో!"

"చల్లగా ఉండండి దొరా," అంది సూరమ్మ. "ఇక తమరు చెవిలో పుల్ల పెట్టి కెలకడం మానేస్తే, మా గొంతులు మళ్ళీ పూడుకుపోవు."